పిల్లల రిపోర్టును "ఏఐ రాసింది" అని సాఫ్ట్‌వేర్ ఎలా చెబుతుంది? విద్యార్థులకు, తల్లిదండ్రులకు వివరాలు

మన క్యాంపుల పిల్లలు, రాయచూరు, సింధనూరు, మాన్వి పట్టణాల్లో ఉండే తెలుగువారి పిల్లలు డిగ్రీలోనో పీజీలోనో చివరి సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలన్నది అందరికీ తెలిసిన సంగతే. ఇంతకుముందు ఈ రిపోర్టు విషయంలో ఇంట్లోవారికి ఉన్న చింత ఒక్కటే, డీటీపీకి, బైండింగుకు ఎంత అవుతుందని. ఇప్పుడు రిపోర్టు ఇచ్చిన వారం పది రోజులకు ఒక అంకె తిరిగి వస్తోంది. "ఏఐ 40 శాతం" అనో "ఏఐ 62 శాతం" అనో కాలేజీలో చెబుతున్నారు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో పిల్లలకు తెలియదు, ఇంట్లోవారికి అసలే తెలియదు. కొన్నిచోట్ల ఆ మాట చెప్పిన లెక్చరర్లకూ పూర్తిగా తెలియదని మేము గమనించాము.

ఈ విషయమై మా సంఘానికి తల్లిదండ్రులు వస్తున్నారు. మాలో ఎక్కువమందిమి ఆఫీసుల్లో గుమాస్తాలుగా, బడుల్లో మాస్టర్లుగా పనిచేసి రిటైరైనవాళ్ళం. కంప్యూటర్ నిపుణులం కాము. అయినా ఒక పిల్ల కేసు మీదికి వచ్చినప్పుడు తెలుసుకోక తప్పలేదు. తెలుసుకున్నది ఇక్కడ వివరంగా ఇస్తున్నాము. దాచుకుని, అవసరమైనప్పుడు చూసుకోగలరు.

రెండు అంకెలు వేరు వేరు

మొదట అర్థం చేసుకోవలసింది, కాలేజీ చెప్పే శాతాలు రెండు రకాలు. ఒకటి పోలిక శాతం, రెండోది ఏఐ శాతం. రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే రిపోర్టులో పక్కపక్కనే వస్తాయి కాబట్టి చాలామంది ఒకటే అనుకుంటారు. నిజానికి ఆ రెండింటికీ లెక్కకట్టే పద్ధతిలోనే సంబంధం లేదు.

పోలిక శాతం పాతది. టర్నిటిన్ అనే కంపెనీ అమెరికాలోని బర్క్‌లీలో 1998లో మొదలైంది. విద్యార్థి ఇచ్చిన వ్యాసాన్ని సాఫ్ట్‌వేర్ కొన్ని కొన్ని మాటల ముక్కలుగా విడదీస్తుంది. ప్రతి ముక్కనూ తన దగ్గర ఉన్న గోదాముతో పోల్చి చూస్తుంది. ఆ గోదాములో ఇంటర్నెట్ పేజీలు, పత్రికల వ్యాసాలు, ఇంతకుముందు వేరే విద్యార్థులు ఇచ్చిన రిపోర్టులు ఉంటాయి. కలిసిన చోట రంగు వేసి, ఇది ఫలానా చోటునుంచి వచ్చిందని చూపిస్తుంది. ఆఫీసులో పాత ఫైలు తీసి కొత్త నోటు పక్కన పెట్టి "ఈ పేరా దీంట్లోదే కదా" అని చూపించినట్టే. అసలు, నకలు రెండూ కళ్ళెదుట ఉంటాయి. ఒప్పుకోవచ్చు, కాదని వాదించవచ్చు.

మన దేశంలో విశ్వవిద్యాలయాలకు ఈ సదుపాయం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం శోధ్‌శుద్ధి పేరిట 2019లో ఇవ్వడం మొదలుపెట్టింది. తొలుత ఉర్కుండ్ అనే విదేశీ సాఫ్ట్‌వేర్ ఉండేది. తర్వాత మన బెంగళూరు కంపెనీ డ్రిల్‌బిట్ వచ్చింది. అందుకే ఈ ప్రాంతంలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల నోట ఆ పేరు ఎక్కువగా వినిపిస్తుంది.

ఏఐ శాతం సంగతి వేరు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న బయటికి వచ్చింది. అది ఎక్కడా ఉన్నదాన్ని కాపీ చేసి ఇవ్వదు, అడిగిన ప్రతిసారీ కొత్తగా అల్లి ఇస్తుంది. కాబట్టి గోదాములో వెతికితే దొరకదు. పక్కన పెట్టి చూపించడానికి అసలు ప్రతి అంటూ లేదు. మరి ఎలా పట్టుకుంటారు? ఊహతో. ఊహ అంటే గాలికబురు అని కాదు, లెక్క ప్రకారం వేసే ఊహే. కానీ ఊహే.

ఆ ఊహ ఎలా వేస్తారు

ఈ యంత్రాలు రాసే పద్ధతి తెలిస్తే పట్టుకునే పద్ధతి తెలుస్తుంది. కోట్లకొలది పేజీలు చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంత అని యంత్రానికి నేర్పుతారు. "కోతలు అయ్యాక ధాన్యాన్ని..." అని మేము ఆపితే మీరేం అంటారు? "ఎండబెట్టారు" అంటారు, "మిల్లుకు తోలారు" అంటారు. యంత్రమూ అదే అంటుంది. మన క్యాంపులో ఒక పెద్దాయన మాత్రం "ధాన్యాన్ని అల్లుడికి అప్పగించి కాశీకి పోయాను" అంటాడు. ఆ మాట యంత్రం ఊహించలేదు.

పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఈ కొలతే తీసుకుంటుంది. వ్యాసంలో ఒక్కో మాట దగ్గరా, తరువాతి మాట ఎంత సులువుగా ఊహించదగ్గదో చూస్తుంది. మొదటినుంచి చివరివరకు అన్నీ ఊహించదగ్గ మాటలే ఉంటే యంత్రం రాసి ఉంటుందని అనుమానిస్తుంది. మధ్యమధ్యలో ఊహకు అందని మాటలు ఉంటే మనిషి రాశాడనుకుంటుంది. దీనికి తోడు వాక్యాల హెచ్చుతగ్గులు కూడా చూస్తారు. మనిషి ఒకచోట నాలుగు మాటల వాక్యం రాస్తాడు, ఇంకోచోట నాలుగు లైన్లు సాగదీస్తాడు. యంత్రం రాసింది తూకం వేసినట్టు ఒకే తీరుగా నడుస్తుంది. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో చదువుతున్న ఎడ్వర్డ్ టియన్ అనే విద్యార్థి 2023 జనవరిలో విడుదల చేసిన జీపీటీజీరో ఈ రెండు కొలతలతోనే పేరు తెచ్చుకుంది.

పెద్ద కంపెనీల పద్ధతి ఇంకొంచెం ముందుకు పోయింది. మనుషులు రాసిన వ్యాసాలు ఒక రాశి, యంత్రం రాసినవి ఒక రాశి పోసి, రెండింటినీ వేరుచేయడం ఇంకో యంత్రానికి నేర్పుతారు. మండీలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి గుప్పెడు బియ్యం చేతిలోకి తీసుకుని ఇది సోనా మసూరి, ఇది కాదు అని చెప్పినట్టు. ఎలా చెప్పావంటే అతను వివరించలేడు. ఈ యంత్రమూ వివరించలేదు.

టర్నిటిన్ ఏఐ పరీక్ష 2023 ఏప్రిల్ 4న మొదలైంది. వ్యాసాన్ని అది కొన్ని వందల మాటల ముక్కలుగా, ఒకదాని అంచు ఇంకోదానిమీద పడేలా కోస్తుంది. ఒక్కో వాక్యానికి సున్నా నుండి ఒకటి మధ్యలో మార్కు వేస్తుంది. చివరికి వచ్చే శాతం, వ్యాసంలో ఎంత భాగం యంత్రం రాసిందని సాఫ్ట్‌వేర్ భావిస్తోందో చెప్పే అంకె. "ఏఐ 62 శాతం" అంటే "ఈ పిల్ల దొంగ అనడానికి 62 శాతం అవకాశం" అని కాదు. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం మేము స్వయంగా విన్నాము.

ఆ పరీక్షకు కొన్ని హద్దులున్నాయి, అవి కంపెనీయే చెప్పుకుంది. కనీసం 300 మాటలుండాలి. పేరాలుగా సాగే వచనానికే వర్తిస్తుంది, పట్టికలకు, కవితలకు, ప్రోగ్రామ్ కోడుకు కాదు. 20 శాతం కంటే తక్కువ వస్తే ఇప్పుడు అంకె చూపకుండా చుక్క గుర్తు మాత్రమే పెడుతున్నారు, ఆ దిగువన తప్పులు ఎక్కువని. అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ ఒక్క అంకె చూసి విద్యార్థిమీద చర్య తీసుకోకూడదని ఆ కంపెనీ తానే రాసిపెట్టింది. ఈ వాక్యం మన తల్లిదండ్రులు నోటికి పట్టుకోవలసినది.

తప్పులు ఎంత, ఎవరిమీద పడతాయి

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే 2023 జనవరి 31న ఒక పరీక్ష సాధనాన్ని పెట్టింది. వారి లెక్క ప్రకారమే అది యంత్రం రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివేనని పొరబడింది. ఆరు నెలలు కూడా నిండకుండానే, జూలైలో, సరిగా పనిచేయడం లేదని మూసేశారు. చేసినవారికే తమ సరుకు గుర్తుపట్టడం రాలేదన్నమాట.

టర్నిటిన్ తన పరీక్షలో, 20 శాతం పైన వచ్చిన వ్యాసాల విషయంలో, పొరపాటు నూటికి ఒకటి కంటే తక్కువ అంటుంది. అలా ఉంచడం కోసం యంత్రం రాసిన దాంట్లో సుమారు 15 శాతం తప్పించుకుపోయినా ఊరుకుంటున్నామనీ చెప్పింది. నూటికి ఒకటి అంటే చిన్నదిగానే వినిపిస్తుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారు కూర్చుని లెక్కవేశారు. తమ దగ్గర 2022లో 75,000 వ్యాసాలు ఆ సాఫ్ట్‌వేర్‌కు వెళ్ళాయి. ఒక శాతం చొప్పున 750 వ్యాసాలమీద అన్యాయంగా మచ్చ పడేది. 2023 ఆగస్టులో ఆ పరీక్షను నిలిపేశారు. మన దగ్గర నాలుగు వందల మంది రిపోర్టులిచ్చే కాలేజీ అయితే ఆ లెక్కన నలుగురు. నలుగురే కదా అంటారు. ఆ నలుగురిలో మనమ్మాయి ఉంటే?

ఇంక మనకు నేరుగా తగిలే విషయం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ఏడు పరీక్ష సాధనాలను తీసుకున్నారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలు వాటికి పెట్టారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలు యంత్రం రాసినవని వచ్చింది. 91లో 89 వ్యాసాలను ఏడింటిలో ఏదో ఒక సాధనమైనా తప్పుపట్టింది. అవే సాధనాలు అమెరికా ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాలను దాదాపు అన్నింటినీ మనుషులవేనని సరిగా గుర్తించాయి. ఇది పేట్రన్స్ అనే పత్రికలో అచ్చయింది. టర్నిటిన్ ఆ ఏడింటిలో లేదు, తమ సాధనానికి ఈ దోషం లేదని ఆ కంపెనీ అంటుంది. అయినా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాధనాలతో చూసే లెక్చరర్లు మన చుట్టుపక్కల తక్కువేమీ లేరు.

ఇలా ఎందుకు జరుగుతుందో పైన చెప్పిన కొలతలోనే ఉంది. ఇంగ్లీషు పూర్తిగా రానివాడు తనకు తెలిసిన నాలుగు మాటలతోనే రాస్తాడు. తప్పు పోతుందేమోనని చిన్న వాక్యాలు, ఒకే కొలత వాక్యాలు రాస్తాడు. గైడులో బట్టీపట్టిన ముక్కలు పెడతాడు. అవన్నీ ఊహించదగ్గ మాటలే. మన క్యాంపు పిల్లకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆ తర్వాతే ఇంగ్లీషు. భయపడి జాగ్రత్తగా రాసిన ఇంగ్లీషు, యంత్రం రాసిన ఇంగ్లీషు లెక్కలో ఒకేలా కనబడతాయి.

మేము సర్వీసులో ఉన్నన్నాళ్ళూ రాసిన దరఖాస్తులు, కవరింగ్ లెటర్లు తీసి ఈ సాఫ్ట్‌వేర్‌కు పెడితే నూటికి నూరు రావడం ఖాయం. "పై విషయమును తమరు దయతో పరిశీలించి" అన్న తర్వాత ఏం వస్తుందో ఏ యంత్రం చెప్పలేదు గనుక! ఇది నవ్వులాటకు అన్నది కాదు. అమెరికా రాజ్యాంగాన్ని పెడితే యంత్రం రాసిందని ఈ సాధనాలు చెప్పిన సంగతి 2023లో పత్రికల్లో వచ్చింది. అందరూ వెయ్యిసార్లు ఎత్తిరాసిన పాఠం కాబట్టి ప్రతి మాటా యంత్రానికి ముందే తెలుసు.

తెలుగులో, కన్నడలో రాస్తే

టర్నిటిన్ ఏఐ పరీక్ష ఇంగ్లీషుతో మొదలై, తర్వాత స్పానిష్‌కు, జపనీస్‌కు వచ్చింది. తెలుగు, కన్నడ అందులో లేవు. ఉచిత సాధనాలు మాత్రం ఏ భాష పెట్టినా ఏదో ఒక అంకె ఇస్తాయి. త్రాసులో రాయి పెట్టినా ముల్లు కదులుతుంది కదా. పైగా ఒక్కో తెలుగు అక్షర సంకేతం కంప్యూటర్లో మూడు బైట్లు తీసుకుంటుంది. చాలా యంత్రాలు తెలుగు మాటను మాటగా చూడవు, చిన్న చిన్న తునకలుగా చూస్తాయి. ఇంగ్లీషు మాటలకు కట్టిన కొలత ఆ తునకలకు వేస్తే అర్థం ఉండదు.

పోలిక పరీక్షలోనూ మన భాషకు చిక్కులున్నాయి. ఇన్నాళ్ళూ తెలుగు డీటీపీ అంతా అను ఫాంట్లలో, కన్నడ డీటీపీ పాత నుడి ఫాంట్లలో నడిచింది. తెరమీద తెలుగు కనిపిస్తుంది గాని లోపల నిల్వ ఉండేది ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. సాఫ్ట్‌వేర్ చూసేది ఆ లోపలిదాన్నే. అందువల్ల మొత్తం కాపీ కొట్టిన రిపోర్టుకు సున్నా రావచ్చు. యూనికోడ్‌లో నిజాయితీగా టైపు చేసినవాడే దొరుకుతాడు. ఇంకొకటి, "వెళ్ళారు" అని ఒకరు, "వెళ్లారు" అని ఒకరు రాస్తారు. రెండూ ఒప్పే. అచ్చుగుద్దినట్టు కలిస్తేనే పట్టుకునే యంత్రానికి అవి రెండు వేరు మాటలు.

నియమం ఏముంది

కాలేజీలో "యూజీసీ రూలు" అని బెదిరిస్తే ఏ రూలు అని మర్యాదగా అడగండి. ఉన్నది 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనలు. వాటిలో పోలిక 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు అయితే దిద్ది, ఆరు నెలలు మించని గడువులో మళ్ళీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఒక ఏడాది పాటు తిరిగి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఉల్లేఖనలు, గ్రంథసూచి, ముందుమాట, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. వరుసగా 14 మాటల వరకు యాదృచ్ఛికంగా కలిసినా తప్పు కాదు. (తెలుగులో మాటకు మాట అతుక్కుంటుంది కాబట్టి 14 తెలుగు మాటలంటే ఇంగ్లీషులో ఇరవై పైచిలుకే. ఆ సంగతి రూలు రాసినవారు తలచినట్టు లేదు.)

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఈ అంచెలన్నీ పోలిక శాతానికి సంబంధించినవి. అప్పటికి చాట్‌జీపీటీ పుట్టనే లేదు. ఏఐ శాతాన్ని తీసుకొచ్చి ఈ 10, 40, 60 గళ్ళలో వేయడం కుదరదు. రెండు, ఆ నిబంధనలు మాస్టర్స్, పరిశోధన స్థాయి సిద్ధాంత గ్రంథాలు, పరిశోధన పత్రాలు వంటివాటికి. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, వ్యాసాలు, జవాబు పత్రాలు వాటిలోకి రావని అందులోనే స్పష్టంగా రాశారు. కాబట్టి బీకాం పిల్ల ప్రాజెక్టుకు వర్తించేది ఆ కాలేజీ, ఆ విశ్వవిద్యాలయం తమంతట తాము చేసుకున్న నియమమే. ఉంటే చూపించాలి. ఆ నియమం పిల్లలకు ముందే తెలియజేశారా అన్నది కూడా ప్రశ్నే. పీహెచ్‌డీ పిల్లల విషయంలో ఫిర్యాదు మొదట విభాగ కమిటీకి, తర్వాత సంస్థ కమిటీకి పోవాలి. ఒక్కో కమిటీకి 45 రోజుల గడువు. సహజ న్యాయం పాటించాలని, అంటే అవతలివాడి మాట వినాలని నిబంధనలోనే ఉంది.

కోర్టుకు పోయిన కేసూ ఉంది. హర్యానాలోని ఓ.పి. జిందాల్ విశ్వవిద్యాలయంలో ఎల్ఎల్ఎం చదివే ఒక విద్యార్థి పరీక్ష జవాబుల్లో 88 శాతం ఏఐ రాసిందని చెప్పి ఫెయిల్ చేశారు. అతను 2024లో పంజాబ్ హర్యానా హైకోర్టుకు వెళ్ళాడు. ఏఐ వాడకూడదన్న నియమం ఎక్కడుందని, సాక్ష్యం ఏదని అతని వాదన. కేసు నడుస్తుండగానే విశ్వవిద్యాలయం అతన్ని పాస్ చేసినట్టు చెప్పింది, దాంతో కేసు ముగిసింది. అందువల్ల ఈ అంకెకు సాక్ష్యంగా ఎంత విలువ అన్నదానిమీద ఆ కేసులో తీర్పు రాలేదు.

మా దగ్గరికి వచ్చిన కేసు

పేర్లు చెప్పము, కాలేజీ పేరూ చెప్పము. సింధనూరు వైపు ఒక క్యాంపు అమ్మాయి, బీకాం. స్వసహాయ సంఘాల అప్పులమీద నలభై ఇళ్ళు తిరిగి వివరాలు రాసుకుని రిపోర్టు ఇచ్చింది. ఏఐ శాతం ఎక్కువ వచ్చిందని, మార్కులు వేయమని చెప్పారు. వాళ్ళ నాన్న వచ్చి, "అన్నా, మీరే ఏదైనా రాసిపెట్టాలి" అన్నాడు. మేము వెంటనే కూర్చుని, "సదరు విద్యార్థిని ఎటువంటి ఏఐ సాధనమును వాడలేదు" అని గట్టిగా దరఖాస్తు తయారుచేశాము. సంతకానికి అమ్మాయిని పిలిపించాము.

అమ్మాయి పెన్ను పట్టుకుని కూర్చుంది గాని సంతకం పెట్టలేదు. మూడోసారి అడిగితే చెప్పింది. "తాతయ్య గారూ, మొదటి చాప్టరు ఫోన్లో చాట్‌జీపీటీని అడిగి రాశాను. మిగతాది నాదే." వాళ్ళ నాన్న ముఖం చూడలేకపోయాము. మా ముఖం ఎలా ఉందో ఆయనకే తెలియాలి. ఆ దరఖాస్తు చింపేశాము. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపినవాళ్ళం, ముందు పిల్లను అడిగి తర్వాత రాయాలన్న జ్ఞానం మాకే లేకపోయింది.

తర్వాత కాలేజీకి వెళ్ళి రిపోర్టు మొత్తం చూపించమని అడిగాము. ఏఐ ఫలితం సాధారణంగా విద్యార్థికి కనబడదు, లెక్చరర్‌కే కనబడుతుంది. ఒక లెక్చరర్ ఓపిగ్గా తెరిచి చూపించారు. అక్కడ మాకు ఆశ్చర్యం వేసింది. ఫోన్లో రాసిన మొదటి చాప్టరులో సగమే రంగు పడింది. ఇళ్ళు తిరిగి, సీనియర్ల రిపోర్టు చూసి అదే మూసలో తాను రాసుకున్న మూడో చాప్టరు దాదాపు మొత్తం రంగు పడింది. "నలభై ఇళ్ళలో ఇరవై రెండు ఇళ్ళవారు అప్పు తీసుకున్నారు, నలభై ఇళ్ళలో పద్దెనిమిది ఇళ్ళవారు తీసుకోలేదు" అన్న ధోరణిలో సాగే వాక్యాలు అవి. యంత్రం రాసినట్టే ఉంటాయి మరి.

కొత్త దరఖాస్తులో జరిగింది జరిగినట్టు రాశాము. మొదటి చాప్టరు తిరిగి రాసి ఇస్తానని, మూడో చాప్టరు తనదేనని, దానికి సర్వే కాగితాలు జత చేస్తున్నానని. ఆ కాగితాలు సగం తెలుగులో, సగం కన్నడలో, కొన్నిటిమీద టీ మరకలతో ఉన్నాయి. తర్వాత అమ్మాయిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. కన్నడలో జవాబు చెప్పింది, ఏ ఇంటివారు ఎందుకు అప్పు కట్టలేకపోయారో పేరుపేరునా చెప్పింది. మొదటి చాప్టరుకు మార్కులు తగ్గించి మిగతాది ఒప్పుకున్నారు. ఆ కాలేజీవారు అడ్డం తిరగలేదు, అది చెప్పాలి.

లెక్చరర్లకు మా విన్నపం

ఏఐ అంకె కంటే మంచి గుర్తులు మీ చేతుల్లోనే ఉన్నాయి. చాట్‌జీపీటీ లేని పుస్తకాలకు పేర్లు, లేని వ్యాసాలకు రచయితలను కల్పించి ఇస్తుంది. రిపోర్టు చివర ఇచ్చిన పుస్తకాల్లో రెండు తీసి వెతికితే తేలిపోతుంది. పదినిమిషాలు నోటితో అడిగితే ఇంకా బాగా తేలుతుంది. చాట్‌జీపీటీనే "ఇది నువ్వు రాశావా" అని మాత్రం అడగవద్దు. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం కామర్స్ విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడు అలాగే అడిగాడు, అది అవునంది, తరగతి మొత్తానికి చిక్కు వచ్చిపడింది. తాను రాసినవి గుర్తుపెట్టుకుని చెప్పే జ్ఞాపకం దానికి లేదు. అడిగినదానికి ఏదో ఒక జవాబు చెబుతుంది.

రాసేటప్పుడే మాటల ఎంపికలో రహస్య గుర్తు వేసే పద్ధతి కూడా వస్తోంది. గూగుల్ వారు సింథ్‌ఐడీ పేరిట చేసినది 2024 అక్టోబరులో నేచర్ పత్రికలో వచ్చింది. అయితే తయారుచేసినవాడు గుర్తు వేస్తేనే అది ఉంటుంది. వేరే భాషలోకి మార్చినా, బాగా తిరగరాసినా చెరిగిపోతుంది.

విద్యార్థులు ఇప్పటినుంచే చేయవలసినది

చిత్తుప్రతులు పారేయవద్దు. చేత్తో రాసిన నోట్సు, సర్వే కాగితాలు, లైబ్రరీ చీటీలు ఒక కవరులో పెట్టండి. రిపోర్టును గూగుల్ డాక్స్‌లో టైపు చేస్తే ఏ రోజు ఏ గంటకు ఏమి రాశారో, ఏమి కొట్టేశారో దాని చరిత్రలో ఉండిపోతుంది. అంతకంటే మంచి మస్టర్ రోల్ లేదు. డీటీపీ సెంటర్లో చేయించేవారు ప్రతిసారీ ఫైలును తేదీ పేరుతో మెయిల్ చేయించుకోండి. అక్షరదోషాలు దిద్దుకోవడం వేరు, వాక్యాలన్నీ సాఫ్ట్‌వేర్‌తో తిరగరాయించుకోవడం వేరు. తెలుగులోనో కన్నడలోనో రాసి యంత్రంతో ఇంగ్లీషు చేయిస్తే ఆ ఇంగ్లీషు యంత్రానిదే. అనుమానం రావచ్చు. అలా చేసి ఉంటే ముందుగానే గైడుకు చెప్పి, మూల ప్రతి కూడా జత చేయండి. ఏఐ వాడటానికి మీ కాలేజీ ఎంతవరకు ఒప్పుకుంటుందో మొదటి రోజే రాతపూర్వకంగా అడగండి.

ఆరోపణ వచ్చాక అయితే ఏ సాఫ్ట్‌వేర్, ఏ తేదీన చూశారు, పోలిక శాతమా ఏఐ శాతమా, ఏ నియమం కింద అన్న నాలుగూ దరఖాస్తులో అడగండి. రంగులతో ఉన్న పూర్తి రిపోర్టు ప్రతి కోరండి. నోటి పరీక్షకు సిద్ధమని రాయండి. రెండు ప్రతులు చేసి, ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. దరఖాస్తు రాయడం రానివారు ఆదివారం ఉదయం సంఘం కార్యాలయానికి రావచ్చు, రుసుము లేదు. పిల్లను వెంట తీసుకురండి. ముందు పిల్లతో విడిగా మాట్లాడిన తర్వాతే రాసిస్తాము.